పదో వంతు జీతానికి ‘నో’ చెప్పిన ఆర్కిటెక్ట్

ఒక్కసారి ఊహించుకోండి. దేశమంతా మాట్లాడుకునే ప్రాజెక్టు ఒకటి వచ్చింది. అందులో పనిచేస్తే పేపర్లలో పేరొస్తుంది, రెజ్యూమెలో ఎప్పటికీ ఉండిపోతుంది. కాకపోతే రెండు షరతులు. మిగతావాళ్లను నేరుగా పిలిచి పని అప్పజెప్పారు, మీరు మాత్రం పోటీలో గెలిచి రావాలి. పైగా అదే స్థాయి పనికి వాళ్లకు పది వేలు ఇస్తే, మీకు ఇచ్చేది వెయ్యి. చేస్తారా, వదిలేస్తారా?

మనలో చాలామంది చేసేస్తాం. ‘ఎక్స్‌పోజర్ వస్తుంది కదా’ అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. నేనూ అలా సర్దిచెప్పుకున్నవాణ్నే. బీటెక్ అయ్యాక ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో భాగమంటూ ‘అసైన్‌మెంట్’ ఇచ్చింది. నాలుగు రాత్రులు కూర్చుని కోడ్ రాసి పంపాను. ఆ తర్వాత ఫోనూ లేదు, మెయిలూ లేదు. ఇలా ఫ్రీగా పని చేయించుకోవచ్చా, దీనికి ఏదైనా రూల్ ఉందా అని అడుగుదామంటే ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు.

చాలా రోజుల తర్వాత లూయిస్ బెథూన్ జీవితం గురించి చదివాను. పైన చెప్పిన ఆఫర్ ఆమె ముందుకు 1891లో వచ్చింది. ఆమె వద్దన్నారు. అయితే నన్ను పట్టుకుంది ఆ ఒక్క ‘నో’ కాదు. అలా వద్దనగలిగే స్థితికి ఆమె ఎలా చేరారు అన్నది. అందులో సగం సొంత పనితనం. మిగతా సగం, తన ఊళ్లో ఆర్కిటెక్టులందర్నీ కూడగట్టి పెట్టిన సంఘం.

ఎగతాళి మాటతో మొదలు

లూయిస్ 1856 జులై 21న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వాటర్‌లూ అనే చిన్న ఊళ్లో పుట్టారు. నాన్న లెక్కల మాస్టారు, స్కూల్ ప్రిన్సిపల్. అమ్మ కూడా టీచరే. చిన్నప్పుడు ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉండటంతో పదకొండేళ్లు వచ్చేదాకా లూయిస్‌కు ఇల్లే బడి, అమ్మానాన్నలే టీచర్లు. తర్వాత ఆ కుటుంబం బఫెలో నగరానికి మారింది.

హైస్కూల్లో ఉండగా ఎవరో ఆమెను ఒక ఎత్తిపొడుపు మాట అన్నారు. దానికి గట్టిగా జవాబివ్వాలని సరదాకి ఆర్కిటెక్చర్ గురించి తిరగేయడం మొదలుపెట్టారు. సరదా కాస్తా ఇష్టంగా మారింది. 1874లో హైస్కూల్ పూర్తయ్యే నాటికి ఏం చదవాలో ఆమెకు స్పష్టంగా తెలుసు.

అప్పటికి అమెరికాలో ఆర్కిటెక్చర్‌ను కాలేజీలో నేర్పడమే కొత్త. కార్నెల్ యూనివర్సిటీలో ఆ కోర్సు 1871లో మొదలైంది. లూయిస్ కూడా కార్నెల్‌లో చేరాలనే అనుకున్నారు. రెండేళ్లపాటు పిల్లలకు పాఠాలు చెబుతూ, చదువుకుంటూ, ప్రయాణాలు చేస్తూ ఎంట్రన్స్‌కు సిద్ధమయ్యారు.

సీటు కాదు, డ్రాయింగ్ బల్ల

1876లో ఒక అవకాశం ఎదురొచ్చింది. రిచర్డ్ వెయిట్ అనే బఫెలో ఆర్కిటెక్ట్ తన ఆఫీసులో డ్రాఫ్టింగ్ పనికి తీసుకుంటానన్నారు. ఆయన చిన్నవాడేమీ కాదు. తర్వాతి కాలంలో కెనడాలోని ఒంటారియో శాసనసభ భవనాన్ని డిజైన్ చేసింది ఆయనే.

ఉద్యోగమైతే వచ్చింది గానీ, జీతం చాలా తక్కువ. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పని. అయినా ఆమె కార్నెల్ ఆలోచన పక్కనపెట్టి అందులో చేరిపోయారు. ఎందుకంటే ఆ రోజుల్లో ఎక్కువమంది ఆర్కిటెక్టులు అలా తయారైనవాళ్లే. పెద్దాయన దగ్గర చేరి, గీతలు గీసి, సైటుకి వెళ్లి నేర్చుకోవడమే అసలు దారి. పైగా వెయిట్ ఆఫీసులో మంచి లైబ్రరీ ఉండేది. డిగ్రీలో చెప్పే పాఠాలు అక్కడి పుస్తకాల్లోంచి సొంతంగా చదువుకున్నారు.

అలా ఐదేళ్లు. డ్రాఫ్టింగ్‌తో మొదలై వెయిట్‌కు అసిస్టెంట్ స్థాయికి చేరారు. సైటు పని గురించి తర్వాతి రోజుల్లో ఆమె ఒక ప్రసంగంలో చాలా కటువుగా మాట్లాడారు. చాలామంది అమ్మాయిలు బల్ల దగ్గర గీసే పనితోనే ఆగిపోతున్నారని, ఇటుకా సున్నం మధ్య తిరగడం, నిచ్చెనలు ఎక్కడం తప్పించుకుంటే ఆర్కిటెక్టులు కాలేరని ఆమె అభిప్రాయం. తాను చేసి చూపించారు కాబట్టే అంత ధైర్యంగా అనగలిగారు.

25 ఏళ్లకే సొంత బోర్డు

1881 అక్టోబర్‌లో బఫెలోలో మహిళల అభ్యున్నతి కోసం పనిచేసే ఒక జాతీయ సంఘం సమావేశం జరిగింది. సరిగ్గా ఆ సమయంలోనే లూయిస్ తన సొంత ఆఫీసు తెరుస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి ఆమె వయసు 25. అమెరికాలో సొంతంగా ప్రాక్టీస్ పెట్టిన మొదటి ప్రొఫెషనల్ మహిళా ఆర్కిటెక్ట్‌గా చరిత్రలో ఆమెను చెప్పుకుంటారు. ఆర్కిటెక్చర్ డిగ్రీ తీసుకున్న అమ్మాయిలు అప్పటికే ఒకరిద్దరు ఉన్నారు. కానీ డిగ్రీ వేరు, ఆఫీసు నడపడం వేరు.

అదే ఏడాది డిసెంబర్‌లో, వెయిట్ ఆఫీసులో తనతో పనిచేసిన రాబర్ట్ బెథూన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ కలిసి ఫర్మ్ నడిపారు. 1883లో కొడుకు చార్లెస్ పుట్టాడు, పెద్దయ్యాక డాక్టరయ్యాడు. వాళ్ల దగ్గరే పని నేర్చుకున్న విలియం ఫుక్స్ తర్వాత మూడో పార్ట్‌నర్ అయ్యారు.

టైమ్ కూడా కలిసొచ్చింది. బఫెలో అప్పుడు దూసుకెళ్తున్న ఊరు. ఈరీ సరస్సు ఒడ్డున, కాలువ, రైళ్లు కలిసే చోట ఉండటంతో ధాన్యం వ్యాపారం జోరుగా సాగేది. 1880లో లక్షా యాభై ఐదు వేలున్న జనాభా 1900 నాటికి మూడున్నర లక్షలు దాటింది. జనం పెరిగితే స్కూళ్లు కావాలి, ఫ్యాక్టరీలు కావాలి, పోలీస్ స్టేషన్లు కావాలి. బెథూన్ ఫర్మ్ ఇవన్నీ కట్టింది. ఆ ప్రాంతంలో ఒక్క స్కూలు భవనాలే 18 డిజైన్ చేశారు.

ఆడవాళ్లు ఇళ్లు బాగా డిజైన్ చేస్తారు కాబట్టి వాటికే పరిమితమవ్వాలని అప్పట్లో చాలామంది అనేవాళ్లు. లూయిస్‌కు ఆ మాట అస్సలు నచ్చలేదు. లెక్క వేసి చూస్తే ఇంటి పనికి చాకిరీ ఎక్కువ, డబ్బు తక్కువ అని ఆమె తేల్చేశారు. అందుకే ఇళ్ల పనినే నమ్ముకోకుండా అన్ని రకాల భవనాలూ తీసుకున్నారు. తనకు ఎవరో గీసిన గీత లోపల ఉండిపోలేదు.

ఊళ్లో సంఘం ఎందుకంటే...

ఆఫీసు బాగా నడుస్తోంది. మరి సంఘం గొడవ ఎందుకు? అది అర్థం కావాలంటే ఆ రోజుల్లో ఈ వృత్తి ఎలా ఉండేదో చూడాలి.

అప్పుడు అమెరికాలో ఎవరైనా ‘నేను ఆర్కిటెక్ట్‌ని’ అని బోర్డు పెట్టుకోవచ్చు. చదువు అక్కర్లేదు, పరీక్ష లేదు, లైసెన్సు లేదు. నిన్నటి దాకా వడ్రంగి పని చేసినాయన ఇవాళ ప్లాన్లు గీసి ఇస్తానంటే అడిగే నాథుడు లేడు. కట్టించుకునేవాళ్లు పోటీ అని పిలిచి పదిమందితో ఊరికే డ్రాయింగులు వేయించుకునేవాళ్లు. ఫీజు ఎంత అన్నదీ ఎవరి బేరం వాళ్లదే. పని తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే మార్కెట్లో ఉంటే రేటు ఎటు పోతుందో ఫ్రీలాన్సింగ్ చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

1857లో పుట్టిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ ఈ సమస్య మీద పనిచేస్తూనే ఉంది. నిర్మాణ ఖర్చులో ఐదు శాతం ఫీజుగా ఉండాలని 1866లోనే ఒక పట్టిక తెచ్చింది. కానీ దాని పట్టు ఎక్కువగా తూర్పు తీరంలోనే ఉండేది. అందుకే 1884లో చికాగోలో వెస్టర్న్ అసోసియేషన్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ పేరుతో మరో సంస్థ మొదలైంది.

1885లో లూయిస్ ఆ సంస్థకు దరఖాస్తు పెట్టారు. ఆ నవంబర్‌లో సెయింట్ లూయిస్‌లో మహాసభ. మహిళను చేర్చుకోవచ్చా అన్న ప్రశ్న సభ ముందుకు వచ్చింది. చేర్చుకోవచ్చని సభ తేల్చింది. ఆమె పనే ఆమెకు సిఫారసు. ఒకసారి ఆ తలుపు తెరుచుకున్నాక తర్వాత వచ్చేవాళ్లను ఆపడానికి సాకు లేకుండా పోయింది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే మెంబర్‌షిప్ కార్డు ఒకటి మిగిలేది. ఆమె మర్నాటి పని మొదలుపెట్టారు. 1886లో బఫెలోలోని ఆర్కిటెక్టులను ఒకచోట చేర్చి ‘బఫెలో సొసైటీ ఆఫ్ ఆర్కిటెక్ట్స్’ ఏర్పడటానికి ముందు నిలిచారు. ఒక్కసారి ఆలోచించండి. వాళ్లంతా ఆమెకు పోటీదారులే. నిన్న ఒక స్కూల్ కాంట్రాక్టు కోసం తలపడినవాళ్లే. వాళ్లందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, మన పోటీ మనకుండనీ, రూల్స్ మాత్రం అందరికీ ఒకటే ఉండాలి అని ఒప్పించడం మాటలు కాదు. ఆ సొసైటీ నుంచే పశ్చిమ న్యూయార్క్ ప్రాంత సంఘం పుట్టింది. స్థానిక సంఘంలో వైస్ ప్రెసిడెంట్‌గా, ట్రెజరర్‌గా కూడా ఆమె బాధ్యతలు మోశారు.

ఆ రోజుల్లో ఇలాంటి సంఘాలు చేసిన పనికి ఒక ఉదాహరణ చూడండి. 1888లో రెండు పెద్ద ఆర్కిటెక్ట్ సంస్థలూ బిల్డర్ల జాతీయ సంఘమూ కలిసి అందరూ వాడుకునేలా ఒకే నమూనా కాంట్రాక్టు పత్రం తయారు చేశాయి. ఎవరి బాధ్యత ఏంటి, డబ్బు ఎప్పుడివ్వాలి అన్నది కాగితం మీద తేలిపోయింది. ఒంటరిగా ఎంత గొప్ప ఆర్కిటెక్ట్ అయినా ఆ పని చేయలేడు.

అదే 1888లో లూయిస్ అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌లో మొదటి మహిళా సభ్యురాలయ్యారు. 1889లో వెస్టర్న్ అసోసియేషన్ ఆ సంస్థలో విలీనమైనప్పుడు దాని సభ్యులందరికీ ఫెలో హోదా దక్కింది. అలా మొదటి మహిళా ఫెలో కూడా ఆమే.

చికాగో పిలిచినా వెళ్లలేదు

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆఫర్ దగ్గరికి వద్దాం. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిన సందర్భంగా 1893లో చికాగోలో భారీ ప్రపంచ ప్రదర్శన ఏర్పాటు చేశారు. అందులో మహిళల కోసం ఒక ప్రత్యేక భవనం. దాన్ని మహిళా ఆర్కిటెక్టే డిజైన్ చేయాలని నిర్వాహక మహిళా బోర్డు నిర్ణయించి 1891 ఫిబ్రవరిలో పోటీ ప్రకటించింది. వినడానికి ఎంత బాగుందో కదా!

తేడా అంకెల్లో ఉంది. ప్రదర్శనలోని ప్రధాన భవనాలకు మగ ఆర్కిటెక్టులను పోటీ లేకుండా నేరుగా ఎంచుకుని, ఒక్కొక్కరికి పది వేల డాలర్లు ఇస్తామన్నారు. మహిళల భవనం గెలిచినవాళ్లకు ప్రకటించింది వెయ్యి డాలర్లు, ఖర్చులు అదనం.

దేశంలో అందరికంటే అనుభవమున్న మహిళా ఆర్కిటెక్ట్ లూయిసే. అప్పటికి 34 ఏళ్లు, సొంత ఆఫీసు పెట్టి పదో ఏడు. పోటీలో దిగితే గెలిచే అవకాశం బాగానే ఉంది. ఆమె దిగలేదు. కారణాలు రెండు. సమానమైన పనికి సమానమైన డబ్బు ఉండాలన్నది ఆమె నియమం, ఇది దానికి పూర్తిగా విరుద్ధం. ఇక ఇలాంటి పోటీల పద్ధతే వృత్తికి చేటని ఆమె నమ్మకం. సంఘంలో కూర్చుని నలుగురికీ చెప్పిన మాటను, తన దాకా వచ్చేసరికి మార్చుకోలేదు. అదే ఏడాది మార్చిలో బఫెలోలో మహిళల ముందు ఆర్కిటెక్చర్ వృత్తి గురించి మాట్లాడినప్పుడు కూడా ఇదే వైఖరి. ఆడవాళ్లకు ప్రత్యేక రాయితీలు అక్కర్లేదు, సరైన శిక్షణా సమానమైన ప్రతిఫలమూ ఉంటే చాలన్నది ఆ ప్రసంగం సారాంశం.

పోటీలో గెలిచింది సోఫియా హేడెన్. వయసు 22. ఎంఐటీలో నాలుగేళ్ల ఆర్కిటెక్చర్ కోర్సు 1890లో పూర్తి చేసినా ఆర్కిటెక్ట్ ఉద్యోగం దొరక్క, బోస్టన్‌లో ఒక హైస్కూల్లో మెకానికల్ డ్రాయింగ్ చెబుతున్నారు. అలాంటి అమ్మాయి ఆ అవకాశం వదులుకుంటుందా? వదులుకోలేదు, అందులో తప్పూ లేదు. కానీ డిజైన్‌లో మార్పుల మీద మార్పులు అడిగారు. ఒత్తిడికి ఆమె ఆరోగ్యం దెబ్బతింది. దాన్ని కూడా కొందరు ఆడవాళ్లు ఈ పనికి పనికిరారనడానికి సాక్ష్యంగా వాడుకున్నారు. ఆర్కిటెక్ట్‌గా ఆమె కెరీర్ దాదాపు అక్కడితో ఆగిపోయింది. ప్రదర్శన ముగిశాక ఆ భవనాన్నీ కూల్చేశారు.

ఇక్కడ ఒకటి నిజాయతీగా ఒప్పుకోవాలి. లూయిస్ ‘నో’ అనగలిగారంటే చేతిలో పని ఉంది, వెనక ఫర్మ్ ఉంది, ఊళ్లో పేరుంది. ఫ్రెషర్‌గా ఉన్న హేడెన్‌కు అవేవీ లేవు. కాబట్టి తక్కువ జీతానికి చేరిన ఫ్రెషర్‌ను తప్పుపట్టడం ఈ కథ ఉద్దేశం కాదు. లూయిస్ కూడా ఇరవై ఏళ్లప్పుడు తక్కువ జీతానికి చేరినవారే. అయితే వెయిట్ ఆఫీసులో ఆమెకు పని నేర్చుకునే వీలు, చదువుకోవడానికి లైబ్రరీ, ఎదగడానికి మెట్లు దొరికాయి. చికాగోలో దొరికేది పేరొక్కటే. నేర్చుకోవడానికి తక్కువ తీసుకోవడం వేరు, ఫలానావాళ్లం కాబట్టి తక్కువ తీసుకోవడం వేరు.

నిలిచింది ఏది?

చికాగో వదులుకుంటే ఆమె కెరీర్ ఆగిందా? లేదు. బఫెలో నడిబొడ్డున ఏడంతస్తుల హోటల్ లాఫాయెట్ ఆమె ఫర్మ్ డిజైన్. 1901లో ఆ ఊళ్లో జరిగిన పాన్ అమెరికన్ ప్రదర్శన సమయానికే పూర్తి చేద్దామనుకున్నారు గానీ, పెట్టుబడి ఇబ్బందుల వల్ల ఆలస్యమై 1904లో తెరిచారు. 225 గదులు, ప్రతి గదిలో టెలిఫోను, బాత్రూముల్లో వేడినీళ్లూ చన్నీళ్లూ. నూట ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది! మధ్యలో పాడుబడిపోయినా 2012లో బాగుచేసి మళ్లీ తెరిచారు. చికాగోలోని మహిళల భవనం ఫొటోల్లోనే మిగిలింది. ఈ హోటల్‌లోకి ఇవాళ కూడా నడిచి వెళ్లొచ్చు.

ఆమెకు సైకిలంటే కూడా పిచ్చి. ఆడవాళ్లు సైకిల్ తొక్కితే వింతగా చూసే రోజుల్లో బఫెలోలో మహిళల సైకిల్ క్లబ్బులో చురుగ్గా తిరిగారు.

ఇక సంఘం విషయం. బఫెలో సొసైటీ, పశ్చిమ న్యూయార్క్ సంఘం ఏళ్ల తరబడి ఒకే డిమాండ్ మీద పనిచేశాయి. డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టే ఆర్కిటెక్టులకూ పరీక్ష, లైసెన్సు ఉండాలి. 1897లో ఇల్లినాయ్ రాష్ట్రం మొదటిసారి అలాంటి చట్టం తెచ్చింది. న్యూయార్క్‌లో మాత్రం పని నానుతూ వచ్చింది. లూయిస్ 1913 డిసెంబర్ 18న, 57 ఏళ్ల వయసులో కన్నుమూశారు. న్యూయార్క్ చట్టం 1915లో వచ్చింది. తాను మొదలుపెట్టిన పని పూర్తవడం ఆమె చూడలేదు. అయినా ఇవాళ ఆ రాష్ట్రంలో ఆర్కిటెక్ట్ అనిపించుకోవాలంటే లైసెన్సు ఉండి తీరాలి.

మనకేంటి?

మన దేశంలో ఆర్కిటెక్ట్స్ యాక్ట్ 1972లో వచ్చింది. దాని కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన పెట్టుకోవాలి. సమాన వేతనానికి చట్టం 1976లో వచ్చింది, అంటే లూయిస్ చికాగోను కాదన్న 85 ఏళ్లకు. ఇవి వాటంతట అవే రాలేదు. ఎక్కడో ఎవరో సాయంత్రం పని ముగించుకుని మీటింగ్‌కు వెళ్తేనే వస్తాయి.

బీఆర్క్ చదివేవాళ్లకు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ చాప్టర్లు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ ఉన్నాయి. విద్యార్థుల కోసం నాసా ఇండియా ఉంది. ఇంజినీరింగ్ వాళ్లకు 1920 నుంచి నడుస్తున్న ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్‌కు హైదరాబాద్ ఖైరతాబాద్‌లోనే రాష్ట్ర కేంద్రం ఉంది. మనలో చాలామంది ఇలాంటి వాటిని సర్టిఫికెట్ కోసమే చూస్తాం. సెమినార్‌లో సంతకం పెట్టి, స్నాక్స్ తిని వచ్చేస్తాం. ఈసారి వెళ్లినప్పుడు కాస్త ఆగి, అక్కడ సీనియర్లను మూడు ప్రశ్నలు అడగండి. ఫ్రెషర్‌కు న్యాయమైన జీతం ఎంత? ఆఫర్ లెటర్‌లో ఏ లైను జాగ్రత్తగా చదవాలి? ఫ్రీగా పని చేయమంటే ఏం చెప్పాలి? ఈ మూడూ నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఆ నాలుగు రాత్రులు హాయిగా నిద్రపోయేవాణ్ని.

మీ ఊళ్లో అలాంటి సంఘం లేదా? 1886కు ముందు బఫెలోలో కూడా లేదు. మీ బ్యాచ్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న పదిమంది కలిసి, ఎవరికి ఏ కంపెనీ ఎంత ఇస్తానంది, ఎవరితో ఊరికే పని చేయించుకుంది అని ఒకరికొకరు నిజం చెప్పుకోవడంతో మొదలుపెట్టొచ్చు. పోటీదారులే కదా అనుకోకండి. ఆమె కూర్చోబెట్టింది కూడా పోటీదారుల్నే.